పాత ట్రాక్టరు గేరుబాక్సు: ఆయిలు సీళ్ళు వెదకడం, విప్పినది తిరిగి బిగించడం



మీ ఇంట పాత ట్రాక్టరు వున్నదా? వుంటే రేపు ఉదయం దానిని బయటికి తీయకముందే ఒక్కసారి వంగి దాని పొట్ట కింద చూడండి. ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ క్లచ్చి వుండే పెట్టె అడుగున ఒక చిన్న రంధ్రం వుంటుంది. ఆ రంధ్రం నుంచి ఆయిలు చుక్క వేలాడుతూ కనబడితే, ఈ ప్రసంగం మీ కోసమే అనుకోండి.

కొందరు ఆ రంధ్రంలో కర్రముక్క చెక్కి దిగగొడతారు. "కారడం ఆగిపోయిందండీ" అంటారు. ఆగిపోవడమేమీ లేదు. బయటికి పోవలసిన ఆయిలు లోపలే నిలిచి, క్లచ్చి ప్లేటు తడిసి, బరువు పడగానే జారుతుంది. ఇంజను గోల పెడుతుంది, చక్రం మాత్రం కదలదు. ఆ రంధ్రాన్ని పెట్టినవాడు తెలివితక్కువవాడు కాదు. లోపల సీలు పోయిందని మీకు ముందుగా కబురు చెప్పడానికే దానిని పెట్టాడు.

కారేది ఏ ఆయిలో మొదట తెలుసుకోవాలి. రాత్రి ఆ రంధ్రం కింద ఒక తెల్లకాగితం పరచండి. తెల్లవారి చూస్తే మరక నల్లగా, మసి కలిసినట్టు వుంటే అది ఇంజను ఆయిలు; ఇంజను వెనుక సీలు పోయిందన్నమాట. తేనె రంగులో, కొంచెం ఘాటు వాసనతో వుంటే గేరు ఆయిలు. పాలు కలిపినట్టు తెల్లగా వుంటే గేరు ఆయిలులో నీళ్ళు చేరాయి. వరి దమ్ములో కేజి వీల్సు కట్టి, ఇరుసు మునిగేదాకా బురదలో తిప్పే బండ్లకు ఈ మూడో జబ్బు ఎక్కువ. ఏది అయినా, లోపలికి చేరాలంటే ఇంజనునూ గేరుబాక్సునూ విడదీయవలసిందే. ఆ శ్రమ ఒక్కసారే పడేటప్పుడు ఇంజను వెనుక సీలు, గేరుబాక్సు ముందు సీలు రెండూ మార్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. సీలు ఖరీదు కొద్ది. విప్పి బిగించే కూలి ఎక్కువ.

ఈ మాట నాకు ఒక రైతుగారి దగ్గర బాగా తెలిసి వచ్చింది. 2022 జూన్ నెల. కృష్ణా డెల్టాలో మా పరిధిలోని ఒక గ్రామం. ఆయనది తండ్రిగారి నాటి మాసీ 1035. నేను వెళ్ళేసరికి బండి పాకలో రెండు ముక్కలై వున్నది. ఆయన మంచం మీద కూర్చొని వున్నారు.

"ఏం బాబాయిగారూ, ఇప్పుడు విప్పారేమిటి? కాలువకు నీళ్ళు వదిలారు కదా" అన్నాను.

"ఇప్పుడు విప్పింది కాదు బాబూ, ఇది రెండోసారి" అన్నారాయన. "మేస్త్రీ బజారుకెళ్ళి మాసీ సీలు ఇమ్మన్నాడట. వాడు ఇచ్చింది తెచ్చి వేశాడు. నాలుగు రోజులకే మళ్ళీ కారింది. రెండు వందల రూపాయల సరుకు కోసం బండి రెండుసార్లు రెండు ముక్కలయింది."

ఆ వారం రోజులలో ఆయన దమ్ము కోసం బాడుగ బండి పిలవవలసి వచ్చింది. నారు ముదిరిపోతున్నది మరి. ఆ బాడుగ డబ్బుతో పది బండ్లకు సీళ్ళు వచ్చేవి.

తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాము. మేస్త్రీ పనివాడే. సీలును ట్రాక్టరు పేరు చెప్పి అడగడమే తప్పు. ఒకే పేరున్న బండిలో కూడా తయారైన సంవత్సరాన్ని బట్టి, ఒక క్లచ్చీయా రెండు క్లచ్చిలా అన్నదానిని బట్టి సీలు మారుతుంది. పైగా మధ్యలో ఎవరు ఏ భాగం మార్చారో, ఏ షాఫ్టు ఎక్కించారో మనకు తెలియదు. అందుచేత సీలును పేరుతో కాదు, కొలతతో అడగాలి.

సీలు చూడడానికి లావుపాటి గాజులా వుంటుంది. బయట రేకు చట్రం, దానికి అంటిన రబ్బరు, లోపలి అంచున సన్నని పెదవి. ఆ పెదవి వెనుక గాడిలో సన్నని స్ప్రింగు చుట్టుకొని, పెదవిని షాఫ్టుకు అదిమి పెడుతూ వుంటుంది. సీలు ముఖం మీద శుభ్రంగా తుడిచి చూస్తే అంకెలు వుంటాయి. 35–52–7 అని వున్నదనుకోండి. మొదటిది లోపలి కొలత, అంటే షాఫ్టు లావు. రెండవది బయటి కొలత, అంటే సీలు కూర్చునే గుంట వెడల్పు. మూడవది సీలు మందం. అన్నీ మిల్లీమీటర్లలో. ఈ మూడు అంకెలు చెబితే, మీ ట్రాక్టరు ఏదో అడగకుండానే సీళ్ళ కొట్టువాడు సరుకు తీసి ఇస్తాడు.

అంకెలు చెరిగిపోతే? అప్పుడు వెర్నియరుతో కొలవాలి. పాత సీలును కొలవకండి. అది తీసేటప్పుడే వంకరపోయి వుంటుంది. షాఫ్టును సీలు రాయని చోట కొలవండి. గుంటను లోపలివైపున కొలవండి. లోతు కూడా చూసుకోండి.

ఇక్కడే ఒక చిక్కున్నది. మాసీ ఫెర్గూసన్ 35 అనేది ఇంగ్లండులో కోవెంట్రీ నగరంలో 1950లలో పుట్టిన బండి. 1960లో మదరాసులో టాఫే సంస్థ ఏర్పడింది. 1035 ఆ పాత బండి వంశములోదే. అప్పటి ఇంగ్లీషువారి కొలతలు అంగుళాలలో వుండేవి. మాట వరుసకు, ఒక గుంట రెండుంపావు అంగుళాలు వున్నదనుకోండి. అది 57.15 మిల్లీమీటర్లు. (ఇది ఉదాహరణ మాత్రమే, మీ బండి కొలత ఇదేననుకోవద్దు.) కొట్టులో 57 మిల్లీమీటర్ల సీలు ఇస్తారు. కంటికి తేడా లేదు, చేతికీ తేడా లేదు. కాని సీలు తన గుంటలో బిగువుగా కూర్చోవాలంటే గుంటకంటె వెంట్రుక వాసి పెద్దదిగా వుండాలి. ఆ బిగువు లేకపోతే ఆయిలు పెదవి దగ్గర కాకుండా, సీలు వీపు వెంట కారుతుంది. బాబాయిగారి బండిలో జరిగింది ఇదే. మేస్త్రీ వదులు చూసి చుట్టూ గమ్ము పూశాడు. నాలుగు రోజులు ఆగింది. కొలత మిల్లీమీటర్లలో పూర్ణాంకంగా రాకుండా 38.1, 57.15, 63.5 ఇలా వస్తూ వుంటే అది అంగుళాల కొలత అని గుర్తించి, అంగుళాల సీలే కావాలని అడగండి.

మందం విషయంలో మాత్రం కొంచెం సడలింపు వున్నది. గుంట లోతు 10 మిల్లీమీటర్లయితే 8 మిల్లీమీటర్ల సీలు కూర్చుంటుంది. లోపలి కొలతలోనూ బయటి కొలతలోనూ అటువంటి సర్దుబాటు పనికిరాదు.

ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. ట్రాక్టరు సామాను కొట్టుకే పోనక్కరలేదు. బేరింగులు అమ్మే కొట్లలో సీళ్ళు కూడా అమ్ముతారు. విజయవాడ ఆటోనగరులోనూ, సికింద్రాబాదు రాణిగంజిలోనూ అటువంటి కొట్లున్నవి. ట్రాక్టరు కంపెనీ మూతపడినా భయం లేదు. హెచ్.ఎం.టి. వారు 1971 నుంచి పింజోరులో జెటార్ నమూనా బండ్లు తయారు చేశారు. ఆ ట్రాక్టరు విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఆ బండ్లు పెట్టుకున్న రైతులు పళ్ళచక్రాల కోసం ఇబ్బంది పడవచ్చును గాని, సీళ్ళ కోసం, బేరింగుల కోసం పడనక్కరలేదు. బేరింగు మీద 6206 అని వుంటే, అది ఏ కంపెనీది అయినా లోపల 30, బయట 62, మందం 16 మిల్లీమీటర్లే. చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి కొలత వస్తుందని గుర్తు పెట్టుకోండి. చివరి అంకెలు 04 గాని అంతకు పైన గాని వున్న మామూలు బేరింగులకు ఈ లెక్క సరిపోతుంది.

కొనేటప్పుడు సీలును చేతిలోకి తీసుకొని పెదవిని గోటితో నొక్కి చూడండి. మెత్తగా వంగి వెంటనే లేవాలి. చాలాకాలం ఎండకు, వేడికి వున్న సీలు గట్టిపడుతుంది. మేకుకు తగిలించి వేలాడదీసిన సీలు తీసుకోవద్దు. బరువుకు దాని పెదవి ఒకవైపు సాగిపోతుంది. ఒకే పెదవి వున్నవీ, బయటివైపు దుమ్ముకు అడ్డంగా రెండో పెదవి వున్నవీ దొరుకుతాయి. బురదకు ఎదురయ్యే వెనుక ఇరుసులకు రెండు పెదవులవి మేలు. రబ్బరులో నైట్రైలు రకం గేరుబాక్సుకు సరిపోతుంది. ఎక్కువ వేడిని ఓర్చుకునే ఖరీదైన రకాలు కూడా వున్నవి. మన పనికి వాటితో అవసరం లేదు.

ఇక అసలు సంగతి. కొత్త సీలు వేసినా కారుతున్నదంటే పదింటికి ఎక్కువసార్లు దోషం సీలులో వుండదు, షాఫ్టులో వుంటుంది. ఏళ్ళ తరబడి పెదవి ఒకే చోట రాసి రాసి ఉక్కులో కూడా గాడి పడుతుంది. నూతి గిలక మీద తాడు కోసినట్టు. షాఫ్టును తుడిచి గోటిని పొడుగునా నడిపించండి. గోరు తట్టుకుంటే గాడి వున్నట్టే. గాడి మీద కొత్త పెదవి ఎంతసేపు నిలుస్తుంది? గుంటలో చోటుంటే సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి గాని వెలుపలికి గాని జరిపి కూర్చోబెడితే, పెదవి నున్నటి చోట రాస్తుంది. చోటు లేకపోతే షాఫ్టు మీద ఎక్కించే పలుచని ఉక్కు తొడుగులు బేరింగు కొట్లలో దొరుకుతాయి. తుప్పు మచ్చలుంటే సన్నని ఎమరీ కాగితంతో షాఫ్టు చుట్టూ రుద్దాలి గాని పొడుగునా రుద్దరాదు. పొడుగునా, ఏటవాలుగా పడిన గీతల వెంట ఆయిలు పాకుతూ బయటికి వస్తుంది.

షాఫ్టును పట్టుకొని కిందికీ మీదికీ ఊపి చూడండి. కదులుతూ వుంటే బేరింగు అరిగింది. ఊగే షాఫ్టును ఏ సీలూ పట్టి వుంచలేదు. ముందు బేరింగు, తరువాత సీలు.

బండిని విడదీయడం గురించి గట్టిగా చెప్పవలసిన మాట ఒకటున్నది. ఇది ఒంటరిగా చేసే పని కాదు. అనుభవం వున్న మేస్త్రీ, ఇంకా ఇద్దరు మనుషులు కావాలి. నేల చదునుగా, గట్టిగా వుండాలి. తడినేల మీద జాకీ దిగబడుతుంది. బ్యాటరీ తీగ తీసేయండి. వెనుక చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టండి. ముందు ఇరుసు నడుమ ఒక పిన్ను మీద ఊగుతుంది కదా. బండి రెండు ముక్కలు కాగానే ఇంజను ఆ పిన్ను మీద పక్కకు ఒరిగిపోతుంది. అందుకని విప్పకముందే ఇరుసుకూ ఇంజనుకూ నడుమ, రెండువైపులా, చెక్క చీలలు బిగువుగా కొట్టాలి. గేరుబాక్సు కింద గట్టి స్టాండు పెట్టాలి. జాకీ లేపడానికే గాని మోయడానికి కాదు. జాకీ మీద ఆధారపడి కిందికి దూరవద్దు. ఇటుకల దొంతర మీద అసలే వద్దు. ఇటుక ముందుగా చెప్పి పగలదు.

పాత మాసీ గేరుబాక్సు లోపల వెనుకగా ఒక పొందిక వున్నది. నడుమ ఒక పళ్ళచక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న పళ్ళచక్రాలు, వీటన్నిటికీ బయట లోపలివైపు పళ్ళున్న వలయం. సూర్యుడు, గ్రహాలు అన్నట్టుగా వుంటుంది. ఎక్కువ వేగం మీట వేస్తే ఇదంతా పక్కకు తప్పుకొని వేగం నేరుగా వెనక్కి పోతుంది. తక్కువ మీట వేస్తే ఈ గ్రహచక్రాల గుండా పోయి నాలుగో వంతు అవుతుంది. మూడు గేర్లు ఆరు గేర్లయ్యే రహస్యం ఇదే. కొన్ని పాత కార్లలో, లారీలలో ఓవర్‌డ్రైవు అని వుండేది; అదీ చాలావరకు ఇటువంటి సరంజామాయే, కాకపోతే తిరగేసి వాడతారు. రోడ్డు మీద ఇంజను నెమ్మదిగా తిరుగుతూ వుండగా చక్రాలు వేగంగా పోవడానికి అది. బురదలో బలంగా లాగడానికి ఇది.

ముందు సీలు ఒక్కటే మార్చేటప్పుడు ఈ గ్రహచక్రాల జోలికి పోవద్దని నా సలహా. చప్పుడు వస్తూ వుంటేనో, తక్కువ మీట నిలవకుండా తప్పుకొంటూ వుంటేనో విప్పాలి. విప్పితే మాత్రం ఓపిక పట్టాలి. ప్రతి చిన్నచక్రం లోపల సూదుల్లాంటి రోలర్లు వుంటాయి. తీసినవి లెక్క పెట్టి కాగితం మీద రాయండి. ఒకటి తక్కువైతే అది నేల మీదనన్నా వున్నది, గేరుబాక్సులోనన్నా వున్నది, వెదకనిదే మూయవద్దు. అటూ ఇటూ వుండే వాషర్లను ఏవైపువి ఆవైపే, ఏ ముఖం ఎటున్నదో అటే పెట్టాలి. ఒక పాత దుప్పటి పరిచి, తీసిన వరుసలోనే భాగాలు పేర్చుకుంటూ పోండి. ప్రతి అడుగుకూ సెల్‌ఫోనుతో ఒక ఫోటో తీయండి. వెనుకటి మేస్త్రీలు సుద్దతో గుర్తులు పెట్టుకొనేవారు, అదీ మంచిదే. గేర్లు మార్చే కడ్డీలకు చిన్న గుండు, దాని వెనుక స్ప్రింగు వుంటాయి. కడ్డీ లాగగానే ఆ గుండు ఎగిరిపోతుంది. చేయి అడ్డం పెట్టుకొని లాగండి.

తిరిగి కూర్చేటప్పుడు సూది రోలర్లను గ్రీజుతో అంటించి నిలబెడితే పడిపోకుండా వుంటాయి. ఒక్కొక్క చక్రం ఎక్కించాక చేత్తో తిప్పి చూడండి. చేత్తో తిరగనిది ఇంజను బలంతో తిరిగితే విరుగుతుంది.

సీలు ఎక్కించడం నెమ్మదిగా చేయవలసిన పని. స్ప్రింగు కనబడే ముఖం ఆయిలు వుండే వైపుకు తిరిగి వుండాలి. తారుమారైతే ఆ గంటే కారుతుంది. గుంట అంచును తుడిచి, పాత గమ్ము గీకి తీసేయండి. పెదవికి కొంచెం ఆయిలు రాయండి. పొడి పెదవి మొదటి నిమిషంలోనే మాడుతుంది. రెండు పెదవులుంటే వాటి నడుమ కొద్దిగా గ్రీజు నింపండి. సీలు బయటి కొలతకు సరిపోయే పైపుముక్క తీసుకొని, దానిని సీలు మీద ఆనించి, మెల్లమెల్లగా చుట్టూ సమంగా దిగేటట్టు కొట్టండి. స్క్రూడ్రైవరు పెట్టి ఒక్కొక్క మూల కొడితే సీలు వంకరగా దిగుతుంది. షాఫ్టుకు పళ్ళ గాళ్ళు వుంటాయి, వాటి అంచులు కత్తిలా వుంటాయి. వాటి మీద పలుచని ప్లాస్టిక్కు కాగితం చుట్టి, దాని మీదుగా సీలును జరిపి, తరువాత ఆ కాగితం లాగేయండి. కొత్త సీలు తెగేది ఎక్కువగా ఇక్కడే. రెండు క్లచ్చిల బండిలో బోలు షాఫ్టు లోపల ఇంకో షాఫ్టు వుంటుంది. ఆ రెండింటి నడుమ కూడా ఒక చిన్న సీలు వుంటుంది. బయటి సీలు మార్చి దానిని మరచిపోయిన మేస్త్రీలు వున్నారు.

ప్యాకింగుల విషయం. బేరింగు మూతల కింద వుండే కాగితం ప్యాకింగు ఆయిలు ఆపడానికే కాదు, బేరింగుకు వుండవలసిన సందును కూడా అదే నిర్ణయిస్తుంది. ఎంత మందం తీశారో అంత మందమే వేయండి. దానికి బదులు ట్యూబు గమ్ము దట్టంగా పూయడం ఇప్పుడు అలవాటయింది. ఈ బండ్లలో గేరుబాక్సు ఆయిలే హైడ్రాలిక్కుకు కూడా పోతుంది. లిఫ్టు పంపు ఆ ఆయిలులోనే మునిగి వుంటుంది. లోపలికి ఉబికిన గమ్ము తెగి పోయి పంపు జల్లెడకు అడ్డుపడితే నాగలి లేవదు. నూలు వ్యర్థంతో తుడిచినా ఇదే గతి. పోగులు వూడని గుడ్డ వాడండి.

రెండు ముక్కలను కలిపేటప్పుడు తొందర పడరాదు. షాఫ్టు పళ్ళు క్లచ్చి పళ్ళతో కలవాలి. కలవకపోతే ఇంజనును చేత్తో కొంచెం తిప్పి మళ్ళీ జరపండి. చివరి వేలెడు సందు మిగిలినప్పుడు "బోల్టులతో లాగేద్దాం" అని అంటారు. వద్దు. బోల్టులతో లాగితే క్లచ్చి ప్లేటు నడిబొడ్డు విరుగుతుంది, లేదా ఇంత శ్రమపడి వేసిన సీలు నలిగిపోతుంది. సరిగా కలిసినప్పుడు సందు తనంతట తానే మూసుకుంటుంది. బోల్టులు అప్పుడు బిగించండి, ఎదురెదురుగా.

విస్తరణ సిబ్బందికి ఒక మాట. యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాలలో, రైతు సంఘాలలో ప్రతి బండికీ ఒక చీటీ పెట్టించండి. విప్పినప్పుడు సీళ్ళ అంకెలు, బేరింగుల అంకెలు దానిమీద రాసి పనిముట్ల పెట్టె మూతకు లోపల అంటించాలి. వేసవిలోనే ఆ అంకెల ప్రకారం ఒక జత తెచ్చి వుంచితే, కాలువకు నీళ్ళు వచ్చాక ఎవరూ బజారుకు పరుగెత్తనక్కరలేదు.

ఆయిలు పోసేటప్పుడు కొలకడ్డీ మీద గీత దాటనివ్వకండి. మాసీ 35 వంటి బండికి గేరుబాక్సు, వెనుక ఇరుసు, హైడ్రాలిక్కు అన్నీ కలిపి సుమారు 30 లీటర్లు పడుతుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ చిక్కదనం రాస్తే అదే పోయాలి. చిక్కటిది పోస్తే కారడం తగ్గుతుందని పోసేవారున్నారు, లిఫ్టు బద్ధకిస్తుంది. అన్నిటికంటె ముఖ్యంగా గేరుబాక్సు గాలి తీసుకునే రంధ్రాన్ని వెదకి బురద తీసి శుభ్రం చేయండి. అది మూసుకుపోతే లోపల ఆయిలు వేడెక్కి, గాలి పొంగి, ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి ఆయిలును తోస్తుంది. సీలు కొత్తదైనా సరే.

బాబాయిగారి బండికి రెండోసారి అంగుళాల సీలు వేశాము. షాఫ్టు మీద గాడి వున్నది. సీలును ఒకటిన్నర మిల్లీమీటర్లు వెలుపలికి జరిపి కూర్చోబెట్టాము. మొదటి రోజు బరువు లేకుండా గంటసేపు అన్ని గేర్లలో తిప్పి, ఆయిలు మట్టం చూసి, కొంచెం పోశాము. పది గంటల పని తరువాత బోల్టులన్నీ మళ్ళీ ఒకసారి బిగించాము. ఆ రంధ్రంలో ఎవరో ఎప్పుడో కొట్టిన కర్రముక్క కూడా అప్పుడే బయటపడింది, తీసి పారేశాము. ఆయన ఇప్పటికీ నెలకొకసారి రాత్రిపూట దాని కింద తెల్లకాగితం పరుస్తారు.